సారా పాట ఆగిన ఏడు

మా నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళలో తొంభైల మొదట్లో పెరిగినవాళ్ళకి రెండు బండ్లు గుర్తుంటాయి. ఒకటి ఎండాకాలంలో మంచినీళ్ళు తెచ్చే ట్యాంకరు. అది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలిసేది కాదు. రెండోది సారా ప్యాకెట్లు తెచ్చే జీపు. వాన పడినా, వాగు పొంగినా అది మాత్రం వచ్చి తీరేది. కలిగిరి, వింజమూరు, కొండాపురం వైపు ఏ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగినా ఇదే మాట చెప్తారు.

ఆ జీపు దొంగచాటుగా వచ్చేది కాదు. అది సర్కారు సరుకు. 1980లలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 'వారుణి వాహిని' అని పేరు పెట్టి, సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి ఊరూరికీ అందే ఏర్పాటు చేసింది. అంతకుముందు తాగాలనుకున్నవాడు కొట్టు దాకా నడిచి పోవాలి. ప్యాకెట్లు వచ్చాక సారా చేను గట్టు మీదికి, ఇంటి అరుగు మీదికి వచ్చేసింది. కొట్లకి వేలం జరిగేది. మేం దాన్ని సారా పాట అనేవాళ్ళం. పాటలో కొట్టు దక్కించుకున్న కాంట్రాక్టరు తను కట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే ఊళ్ళో తాగుడు పెరగాలి, వేరే దారి లేదు. రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లు ఉండేది. 1991-92కి అది 812 కోట్లయింది. ఈ లెక్క ఎక్కడ చదివినా నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమె శనక్కాయలు వలిచిన కూలి కూడా ఆ 812 కోట్లలో ఉంది.

మా పెదనాయన చెడ్డవాడు కాదు. తాగనప్పుడు పిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాడు. సాయంత్రం అయ్యేసరికి వేరే మనిషి. కూలి డబ్బులు సగం దారిలోనే అయిపోయేవి, మిగతా సగం పెద్దమ్మ కొంగు ముడిలోంచి లాక్కునేవాడు. ఎవరైనా అడిగితే, "నా కష్టం, నా డబ్బు, నా ఇష్టం. మధ్యలో మీకేంది?" అనేవాడు. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది ఆ మాటకి తల ఊపేవాళ్ళు. పెద్దమ్మ ఒకరోజు మా ఇంటి వసారాలో కూర్చుని మా నాయనని అడిగింది. "ఆయన కూలి ఆయనిష్టమే అనుకో. నా కూలి ఎవరిష్టం? చెప్పబ్బయా, నువ్వు చదువుకున్నోడివి గదా."

మా నాయన బడిపంతులు. మనిషి స్వేచ్ఛ అంటే ఆయనకి ప్రాణం. ఎమర్జెన్సీ రోజుల్లో పత్రికల్లో ఏం రాయాలో సర్కారు చెప్పిన కాలాన్ని చూసినవాడు, ఉత్తరాదిలో కుటుంబ నియంత్రణ పేరుతో మనుషుల్ని పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారని విని రగిలిపోయినవాడు. సర్కారు మంచి చేస్తానని గట్టిగా చెప్పిన ప్రతిసారీ ఆయన భయపడేవాడు. సారా మీద ఎంత కోపమున్నా, నిషేధం చట్టం తెమ్మంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "మా చిన్నప్పుడు మద్రాసు రాష్ట్రంలో నిషేధం ఉండేది. ఉంటే ఏమైంది? కొండల్లో బట్టీలు పెట్టి కాశారు. ఆ గొడవలోనే 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది. మనిషిని లోపల్నించి మార్చడం లాఠీ వల్ల అయ్యే పని కాదు" అనేవాడు.

పెద్దమ్మ అడిగిన దానికి ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చాలాసేపటికి, "నీ కూలి నీదే వదినా. అది నీకు దక్కకుండా పోతుంటే నువ్వు అడగాల్సిందే" అన్నాడు. ఎట్లా అడగాలో మాత్రం అప్పుడు ఇద్దరికీ తెలీదు.

అక్షరాస్యతా ఉద్యమం మా జిల్లాకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఊళ్ళోకి కళాజాతా బృందాలు వచ్చి పాటలు పాడి, నాటికలు వేసి పోయేవి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు సైకిళ్ళ మీద తిరిగి వాలంటీర్లని పోగేసేవాళ్ళు. నేను ఇంటర్ అయి ఇంట్లో ఉన్నాను. జీతం లేదని తెలిసి కూడా సంతోషంగా ఒప్పుకున్నాను. పలకలు, బలపాలు, వాచకాలు, లాంతర్లు ఇచ్చారు. మా ఊళ్ళో రెండు చోట్ల రాత్రి బడి పెట్టాం, ఒకటి రామాలయం పక్కన, ఒకటి హరిజనవాడలో. వాడలో బడికే ఎక్కువమంది వచ్చేవాళ్ళు. పొద్దంతా కలుపు తీసి, నాట్లేసి, ఇంట్లో వండి వార్చి, చంకలో బిడ్డతో వచ్చి కూర్చునేవాళ్ళు. కొందరు బలపం పట్టుకుని అట్లాగే నిద్రపోయేవాళ్ళు. లేపడానికి నాకు మనసొచ్చేది కాదు.

ఒక సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత ఎన్నో ఏళ్ళకి తెలిసింది. రాత్రిపూట ఆడవాళ్ళు ఇల్లు వదిలి ఒకచోట కూర్చోవడం మా ఊళ్ళో అంతకుముందు లేదు. పెళ్ళికో చావుకో తప్ప పదిమంది ఆడవాళ్ళు కలిసింది లేదు. కలిస్తే, "ఏంది ముచ్చట్లు? పని లేదా?" అని అడిగేవాళ్ళు. రాత్రి బడికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. ఎందుకంటే అది గవర్నమెంటు బడి. కలెక్టరు గారు పెట్టించిన బడి. పెదనాయన కూడా, "పోనీలే, సర్కారోళ్ళ పని" అన్నాడు. మా నాయన భయపడిన ఆ సర్కారు పేరే పెద్దమ్మకి గడప దాటే ధైర్యం ఇచ్చింది. అక్షరాలు నేర్పడానికి పెట్టిన బడి ఆమెకి పదిమందితో కూర్చుని మాట్లాడుకునే చోటైంది. ఈ మాట నేను మా నాయనతో చాలాసార్లు అన్నాను. ఆయన ప్రతిసారీ, "చోటు ఇచ్చింది సర్కారు. మాట్లాడింది వాళ్ళు. ఆ రెండూ కలిపి చెప్పొద్దు" అనేవాడు.

బడిలో మొదట పేర్లు రాయించాం. తర్వాత వాచకంలో పాఠాలు. కూలి గురించి, పిల్లల ఆరోగ్యం గురించి, తాగుడు గురించి. తాగుడు పాఠం వచ్చిన రోజు చదువు సాగలేదు. ఒకామె మొదలుపెట్టింది, ఇంకొకామె అందుకుంది, లాంతర్లో కిరసనాయిలు అయిపోయేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరింట్లో కథ వాళ్ళకే ఉందనుకున్నారు ఇన్నేళ్ళూ. అందరి కథా ఒకటేనని ఆ రాత్రి తెలిసింది. వాడలో ఆడవాళ్ళు చెప్పిందీ, రామాలయం పక్కన రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు చెప్పిందీ తేడా లేదు. రెండు బడులూ అంతకుముందు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నవి కావు.

దూబగుంట కబురు మాకు అట్లాంటి సమయంలో వచ్చింది. కలిగిరి మండలంలో చిన్న ఊరు అది. అక్కడి ఆడవాళ్ళు ఒక్కటై తమ ఊళ్ళో సారాకొట్టు మూయించారని విన్నాం. రోశమ్మ అనే ఆమె ముందు నిలబడిందని చెప్పుకున్నారు. తర్వాత ఆ ఊరి కథే చదువుకునే వాచకంలో పాఠంగా వచ్చింది. పొరుగూరి కూలి ఆడవాళ్ళ పని పుస్తకంలో అచ్చయి ఉండటం చూసి మా బడిలో ఆడవాళ్ళు వేళ్ళతో అక్షరాల్ని తడిమి చూసుకున్నారు. "ఇది మన కలిగిరి దూబగుంటే గదా పాపా?" అని పెద్దమ్మ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది. వాళ్ళు చేసింది మనం ఎందుకు చెయ్యలేమన్న మాట ఆ రాత్రే పుట్టింది.

జీపు వచ్చే రోజు ఊరి మొదట్లో చింతచెట్టు కింద దారికి అడ్డంగా కూర్చున్నారు. వాడ నుంచి, ఊళ్ళోంచి, ముసలివాళ్ళు, బాలింతలు కూడా. జీపు ఆగింది. డ్రైవరు బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, తర్వాత వెనక్కి తిప్పుకుపోయాడు. మర్నాడు ఒక అధికారి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, ఇది చట్టప్రకారం జరిగే వ్యాపారం. పాట పాడుకున్నాడు, ప్రభుత్వానికి డబ్బు కట్టాడు. మీరు ఆపితే మీ మీద కేసు అవుతుంది" అన్నాడు. వెనకనుంచి ఒక ముసలామె లేచింది. "ఆయన కట్టిన డబ్బు యాడిది నాయనా? మా ఇళ్ళలోది గదా. మా డబ్బు మాకిచ్చి, ఆయన సారా ఆయన్ని తీసుకుపొమ్మను" అంది. ఆ అధికారి జవాబు చెప్పలేదు. ఆయన కళ్ళల్లో కూడా నాకు కోపం కనపడలేదు. ఆయనింట్లో కూడా ఎవరో తాగేవాళ్ళు ఉన్నారేమో అని తర్వాత మేం అనుకున్నాం.

1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. 'ఈనాడు' రోజూ ఊళ్ళ పేర్లతో వార్తలు రాసేది. మా నాయన బడినుంచి వస్తూ పేపరు తెచ్చి గట్టిగా చదివేవాడు, పెద్దమ్మ తనకి తెలిసిన అక్షరాలు దొరికితే వేలు పెట్టి చూపించేది. నెల్లూరులో సారా పాట ఉన్న రోజు ట్రాక్టర్లలో, బస్సుల్లో కలెక్టరాఫీసు ముందుకి పోయేవాళ్ళం. పాట వాయిదా పడేది. మళ్ళీ తేదీ పెట్టేవాళ్ళు, మళ్ళీ పోయేవాళ్ళం, మళ్ళీ వాయిదా. సద్ది మూటలు, చీపుర్లు, చంటిబిడ్డలు. జీవితంలో నెల్లూరు చూడని ఆడవాళ్ళు కలెక్టరాఫీసు గేటు ముందు కూర్చుని, "మా ఊళ్ళో మాకు అక్కర్లేని కొట్టుని ఎవరో డబ్బు కట్టి కొనుక్కుంటే ఎట్టా కుదురుద్ది?" అని అడిగారు. ప్రజాస్వామ్యం గురించి నేను తర్వాత డిగ్రీలో చదివిన పాఠాలన్నీ ఆ ప్రశ్న కన్నా చిన్నవే.

ఆ రోజుల గురించి రాసేటప్పుడు చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. కొన్ని ఊళ్ళలో తాగినవాళ్ళకి సగం గుండు కొట్టించారు, గాడిదల మీద ఊరేగించారు. పేపర్లో చదివి జనం నవ్వుకున్నారు. మా నాయన నవ్వలేదు. రాత్రి బడికి వచ్చి ఆడవాళ్ళ ముందు నిలబడి చెప్పాడు. "కొట్టు మూయించడం మీ హక్కు. మనిషిని అవమానం చేసే హక్కు మీకూ లేదు, సర్కారుకీ లేదు." పెద్ద గొడవే జరిగింది. "మమ్మల్ని కొట్టినప్పుడు అవమానం కాదా?" అని ఒకామె అరిచింది. ఆమె అడిగింది న్యాయమే. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. చివరికి మా ఊళ్ళో ఒక కట్టు పెట్టుకున్నారు. ఎవరైనా తాగొచ్చి పెళ్ళాన్ని కొడితే బడిలో ఆడవాళ్ళంతా పోయి ఆ ఇంటి ముందు కూర్చుంటారు. తిట్టరు, ముట్టుకోరు. అతను మాట ఇచ్చేదాకా కదలరు. పెదనాయన ఇంటి ముందు కూడా కూర్చున్నారు. అందులో పెద్దమ్మ కూడా ఉంది, తన ఇంటి ముందు తనే. తెల్లవారేసరికి పెదనాయన బయటికి వచ్చి, ఏం మాట్లాడకుండా అందరికీ చెంబుతో నీళ్ళిచ్చాడు. ఆయన తాగుడు ఆ రోజుతో పూర్తిగా పోలేదు గానీ, కొట్టడం ఆ రోజుతో పోయింది.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా. కోట్ల విజయభాస్కర రెడ్డి గారు అప్పుడు ముఖ్యమంత్రి. 1994 ఎన్నికల్లో రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని చెప్పి గెలిచి, ప్రమాణ స్వీకారం రోజునే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని తెచ్చిన నాయకుడి చేతే ఆ సంతకం పెట్టించింది మా ఆడవాళ్ళే. మా ఊళ్ళో ఆ రోజు పాయసం వండని ఇల్లు లేదు. మా నాయన పాయసం తిన్నాడు, తింటూనే దిగులుగా ఉన్నాడు. "ఏంది నాయనా?" అంటే, "ఇన్నాళ్ళూ ఈ పని వాళ్ళు చేసుకున్నారు. రేపటి నుంచి పోలీసులు చేస్తారు" అన్నాడు.

వీరేశలింగం గారి సంగతి ఆయన నాకు వివరంగా చెప్పింది ఆ రాత్రే. వితంతు వివాహాలకి చట్టం 1856లోనే వచ్చింది. మన రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు ఆ చట్టం పుస్తకంలోనే ఉంది. ఊరు వెలేసినా సరే చేస్తానని ఒక మనిషి నిలబడితే, చేసుకుంటామని ఇద్దరు ఒప్పుకుంటే అప్పుడు ఆ చట్టానికి పని పడింది. "అయితే చట్టం అక్కర్లేదంటావా?" అని అడిగాను. "చట్టం లేకపోతే ఆ ఇద్దరికీ పుట్టిన పిల్లలకి ఆస్తి హక్కు ఉండేది కాదు. చట్టం కావాలి. కానీ మనిషి ముందుండాలి, చట్టం వెనక నిలబడాలి" అన్నాడు. నాకు ఆయన మీద అంత గౌరవం కలిగిన రాత్రి ఇంకొకటి లేదు. స్వేచ్ఛ అనే మాటని ఆయన తన సౌకర్యానికి ఎప్పుడూ వాడుకోలేదు.

ఆయన భయపడిందే జరిగింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. ఆడవాళ్ళు చింతచెట్టు కింద కూర్చోవడం మానేశారు. "ఇంక మనమెందుకు, పోలీసోళ్ళు చూసుకుంటార్లే" అన్నారు. రాత్రి బడికి కూడా నూనె, బలపాలు రావడం ఆగిపోయాయి. నిషేధం అమలు చేసే పని ఒక శాఖ చేతిలో పడేసరికి, ఊరికి దాంతో సంబంధం తెగిపోయింది. ఉదయగిరి కొండల వైపు నాటుసారా బట్టీలు లేచాయి. పక్క రాష్ట్రాల నుంచి సీసాలు దిగడం మొదలైంది. కాసేవాడెవడో, అమ్మేవాడెవడో ఊళ్ళో అందరికీ తెలుసు. రెండేళ్ళ ముందైతే ఆ ఇంటి ముందు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కంప్లయింటు ఇచ్చి ఊరుకున్నారు. కంప్లయింటు ఇచ్చిన ఆమె పేరు సాయంత్రానికల్లా అమ్మేవాడికి తెలిసిపోయేది. అటు ఖజానాకి ఆదాయం పోయింది. రేషన్‌లో కిలో రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర అయింది. 1997లో చంద్రబాబు గారి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఆ కబురు తెలిసిన రోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి ఏడ్చింది. మా నాయన "నేను ముందే చెప్పాను" అనలేదు. ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఇక్కడే నేను మా నాయనతో పూర్తిగా ఏకీభవించలేను. నిషేధం విఫలమైందని అందరూ తేలిగ్గా అంటారు. ఆ రెండు మూడేళ్ళు మా ఊళ్ళో ఏం జరిగిందో చూసినవాళ్ళు అనలేరు. పెద్దమ్మ కూతురు ఏడో తరగతిలో బడి మానేయాల్సింది, మానలేదు. పదో తరగతి పాసయింది, తర్వాత నర్సు ట్రైనింగ్ చేసింది. వాడలో రెండిళ్ళకి పైకప్పు పడింది. ఆసుపత్రికి పోవడానికి డబ్బులున్నాయి. ఒక కుటుంబం నిలదొక్కుకోవడానికి కొన్నిసార్లు అంత వ్యవధి చాలు. ఆ వ్యవధి చట్టం వల్లే దొరికింది. ఇంకో మాట కూడా చెప్పాలి. వైన్ షాపులు తిరిగొచ్చాయి, వాటి వెనకే బెల్టు షాపులు వచ్చాయి, కానీ 1993లో పోయిన సర్కారు సారా మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ మళ్ళీ సారా పాట పెట్టే ధైర్యం చెయ్యలేదు. ఆడవాళ్ళు స్వయంగా దారికడ్డంగా కూర్చుని మూయించింది అదొక్కటే, నిలబడిందీ అదొక్కటే.

నిలబడింది ఇంకోటి కూడా ఉంది. సారాకి పోయే డబ్బు మిగిలినప్పుడు, రోజుకో రూపాయి దాచుకుందామని మా జిల్లా ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. 'పొదుపు లక్ష్మి' అని పేరు. మా రాత్రి బడి పలకల మీదే మొదటి లెక్కలు రాశాం. తర్వాత అవే సంఘాలుగా రాష్ట్రమంతా విస్తరించాయి. ఇక్కడ కూడా సర్కారు చెయ్యి ఉంది, బ్యాంకు అప్పులు, మీటింగులు, రికార్డులు. దాంతో పాటే నాయకుల సభలకి సంఘాల ఆడవాళ్ళని బస్సుల్లో తరలించడం కూడా వచ్చింది. రాకపోతే లోను రాదని బెదిరింపు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. ఒకప్పుడు తమ డబ్బుతో ట్రాక్టరు మాట్లాడుకుని కలెక్టరుని నిలదీయడానికి పోయిన ఊరి ఆడవాళ్ళని, భోజనం ప్యాకెట్టిచ్చి చప్పట్లు కొట్టడానికి తీసుకుపోతున్నారు.

మొన్నామధ్య ఎన్నికలప్పుడు మద్యం మాట మళ్ళీ వచ్చింది. దశలవారీ నిషేధం అన్నారు, మంచి సరుకు అన్నారు, తక్కువ ధర అన్నారు. పెద్దమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు, వినికిడి బాగానే ఉంది. టీవీలో ఆ మాటలు విని, "మమ్మల్ని ఒక్కరన్నా అడిగారా పాపా?" అంది. మా నాయన ఉండి ఉంటే ఆ మాటకి ఎంత సంతోషపడేవాడో.

దూబగుంట రోశమ్మ గారు 2016లో పోయారు. ఆమె పేరైనా లోకానికి తెలుసు. మా ఊళ్ళో చింతచెట్టు కింద కూర్చున్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ మధ్య పెద్దమ్మ దగ్గర కూర్చుని ఆ పేర్లు రాస్తున్నాను. వాడలో వాళ్ళవి ఆమెకి నాకన్నా బాగా గుర్తున్నాయి. ఎవరు ఏ ట్రాక్టరులో వచ్చారో, ఎవరి చంకలో ఏ బిడ్డ ఉన్నాడో కూడా చెప్తోంది. ఆ బిడ్డల్లో కొందరు ఇప్పుడు బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళమ్మలు ఏం చేశారో వాళ్ళకి తెలీదు. కలిగిరి, వింజమూరు, కొండాపురం, ఉదయగిరి వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇళ్ళలో ఆ తరం వాళ్ళు ఇంకా ఉంటే, ఈ సంక్రాంతికి ఊరు పోయినప్పుడు అడిగి రాసుకోండి. రాత్రి బడిలో ఎవరు చదువు చెప్పారో, జీపుని ఎక్కడ ఆపారో, నెల్లూరుకి ఎట్లా పోయారో అన్నీ అడగండి.